కంట్రీ మ్యూజిక్ అసలు ఎవరిది? బాంజో సంగతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

గోదారిగాలి:
అందరికీ నమస్తే. నేను టెనెసీలో ఉంటున్నాను. ఇక్కడ ఎటు తిరిగినా కంట్రీ పాటలే (అమెరికా పల్లెటూళ్ళ బాణీ), కారులో, షాపులో, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర కూడా. మొన్న లంచ్‌లో మా ఆఫీసాయన ఒకడు నల్ల గాయని బియాన్సే కంట్రీ ఆల్బమ్‌కి 2025లో గ్రామీ ఇచ్చారని ఇప్పటికీ రుసరుసలాడుతున్నాడు. "ఇది మా తాతల సంగీతం, వాళ్ళకి ర్యాప్ ఉంది కదా" అంటాడు. పక్కనున్న అమ్మాయి "మీ తాతల బాంజో ఆఫ్రికా నుంచి వచ్చింది" అనేసింది. ఆయన నవ్వేసి లేచిపోయాడు. నాకు మాత్రం అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. బాంజో అనే ఈ తీగల వాయిద్యం అంటే నా ఊహలో గడ్డం పెంచిన కొండప్రాంతం ముసలాయన వరండాలో కూర్చుని వాయించేది. నిజంగా ఆఫ్రికాదా? ఇక్కడ పాత పాటల పిచ్చివాళ్ళు ఉన్నారుగా, చెప్పండి.

పాతరికార్డులు:
ఆ అమ్మాయి చెప్పింది నిజమేనండీ. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా వైపు జోలా జనం వాయించే అకాంటింగ్ అనే వాయిద్యం ఉంది. పెద్ద ఆనపకాయ బుర్రని సగానికి కోసి, మేకతోలు బిగించి, పొడుగాటి కర్ర గుచ్చుతారు. మూడు తీగలు, అందులో ఒకటి పొట్టిది. ఆ పొట్టి తీగని బొటనవేలు మాత్రమే మీటుతుంది, స్వరం మారదు, మన తంబురా శ్రుతిలాగా పాటంతా అలా మోగుతూనే ఉంటుంది. మిగతా తీగల మీద చూపుడువేలు గోరు పైనుంచి కిందికి కొడుతుంది. ఇప్పుడు తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండల్లో క్లాహ్యామర్ పద్ధతి అని వాయించేవాళ్ళ కుడిచెయ్యి గమనించండి, అదే కదలిక, అదే పొట్టి తీగ, అదే బొటనవేలు.

బానిసలుగా తెచ్చినవాళ్ళు ఓడలో వాయిద్యాలు పట్టుకుని దిగలేదు. కరీబియన్ దీవుల్లో, వర్జీనియాలో, కరోలినాల్లో దొరికిన బుర్రలతో గుర్తున్నట్టుగా మళ్ళీ చేసుకున్నారు. థామస్ జెఫర్సన్ 1780ల్లోనే రాశాడు, ఇది వాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న వాయిద్యం అని. అదే కాలంలో సౌత్ కరోలినాలో వేసిన ఒక పెయింటింగ్‌లో కూడా నల్ల మనిషి బాంజో వాయిస్తుంటే మిగతావాళ్ళు నాట్యం చేస్తుంటారు. తెల్లవాళ్ళు దాన్ని స్టేజీ మీదికి తేవడం 1830ల తర్వాతి మాట, వర్జీనియా కుర్రాడు జోయెల్ స్వీనీ దగ్గర్నుంచి.

గోదారిగాలి:
అబ్బో. జెఫర్సన్ అంటే అమెరికా ప్రెసిడెంటు జెఫర్సనేనా?

పాతరికార్డులు:
ఆయనే. ఆయన తోటలోనూ బానిసలు ఉండేవాళ్ళు, చూసే రాసి ఉంటాడు.

మిరపకాయ్:
స్వీనీ దగ్గర ఆగిపోయారేం మాస్టారూ? తర్వాతి ముక్క కూడా చెప్పండి. 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అని నలుగురు తెల్లవాళ్ళు మొహానికి కాల్చిన బెండు మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ, నల్లవాళ్ళ వాయిద్యమే వాయించి హిట్ కొట్టారు. దశాబ్దాల పాటు అమెరికాలో జనం ఎగబడి చూసిన వినోదం అదే. బాంజో ఊరూరా అమ్ముడైంది కూడా ఆ దెబ్బకే. ఇప్పుడు దీనికి "బహుళ సంస్కృతుల సమ్మేళనం" అని పేరు పెట్టి మ్యూజియంలో దీపాలు వేసి చూపిస్తున్నారు. సమ్మేళనం అంటే ఇద్దరూ ఒప్పుకుని కలవాలి కదా. ఇది దోపిడీ.

సుధ_ఆస్టిన్:
మిరపకాయ్ గారూ, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ దోపిడీ అనే ఒక్క మాటతో మొత్తం కథ అయిపోదు. స్టేజీ మీద వెక్కిరించినవాళ్ళు వేరు, ఊళ్ళో పక్కపక్కన బతికి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్ళు వేరు. కంట్రీకి మూలపురుషులు అనే కార్టర్ ఫ్యామిలీని తీసుకోండి. ఏ.పి. కార్టర్ పాటల కోసం కొండల్లో తిరిగేటప్పుడు వెంట లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టు ఉండేవాడు. ప్రమాదంలో ఒక కాలు పోయిన మనిషి. కార్టర్ పదాలు రాసుకుంటే రిడిల్ ట్యూను బుర్రలో పెట్టుకునేవాడు. మేబెల్ కార్టర్ కూడా ఆయన వేళ్ళు చూసి నేర్చుకున్నానని చెప్పింది. హాంక్ విలియమ్స్‌కి చిన్నప్పుడు గిటారు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్ల వీధి గాయకుడు. బ్లూగ్రాస్ అనే కంట్రీ శాఖకి పితామహుడు బిల్ మన్రో ఆర్నాల్డ్ షుల్ట్స్ అనే నల్ల గిటారిస్టు పేరు చెప్పకుండా తన చిన్నతనం గురించి మాట్లాడేవాడు కాదు.

ఇంకోటి. కంట్రీ సంగీతానికి తండ్రి అని పిలిచే జిమ్మీ రోడ్జర్స్ 1930 జూలైలో లాస్ ఏంజెలెస్‌లో ఒక పాట రికార్డు చేశాడు. అందులో ట్రంపెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో ఆయన భార్య లిల్ హార్డిన్. జాజ్ రాజు, కంట్రీ తండ్రి ఒకే గదిలో! రికార్డు లేబుల్ మీద మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు లేదు.

మిరపకాయ్:
ఆఖరి వాక్యంతో నా పాయింటు మీరే చెప్పేశారు మేడమ్ :)

సుధ_ఆస్టిన్:
సగం పాయింటు. పేరు తీసింది కంపెనీ, వాయించినవాళ్ళు కాదు.

పాతరికార్డులు:
సుధ గారు అసలు చోట వేలు పెట్టారు. సంగీతం కలిసింది పొలాల్లో, రైల్వే పనుల్లో, నది ఓడల మీద. విడగొట్టింది రికార్డు కంపెనీల కేటలాగ్. 1920లో ఓకే రికార్డ్స్ (అవును, కంపెనీ పేరే ఓకే) మేమీ స్మిత్ అనే నల్ల గాయని చేత బ్లూస్ (నల్లవాళ్ళ విషాదపు పాటలు) పాడిస్తే రికార్డు విరగబడి అమ్ముడైంది. అప్పటిదాకా నల్లవాళ్ళు రికార్డులు కొంటారన్న ఆలోచనే కంపెనీలకి లేదు. 1923లో అదే కంపెనీ రాల్ఫ్ పీర్ చేత అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్ల ఫిడేలు వాద్యగాణ్ణి రికార్డు చేయించింది. పాటలు పీర్‌కి ఘోరంగా అనిపించాయట, అయినా ఆడాయి. ఇంకేం, రెండు దుకాణాలు తెరిచారు. ఒకటి "రేస్" రికార్డులు, నల్లవాళ్ళకి. రెండోది "హిల్‌బిల్లీ", తెల్ల పల్లెటూళ్ళకి.

అప్పటికి దక్షిణాదిలో నల్లవాళ్ళ ఫిడేలు, బాంజో బ్యాండ్లు బోలెడు. తెల్లవాళ్ళ డాన్సులకి కూడా వాళ్ళే వెళ్ళి వాయించేవాళ్ళు. కానీ రికార్డింగుకి వచ్చేసరికి ఫిడేలు "హిల్‌బిల్లీ" సరుకు, నల్లవాడికి బ్లూస్ సరుకు. దాంతో ఆ బ్యాండ్లలో చాలా తక్కువ మంది రికార్డుల మీదికి వచ్చారు. రికార్డు లేకపోతే రెండు తరాల తర్వాత అసలు లేనట్టే లెక్క. గోదారిగాలి గారూ, మీ ఆఫీసాయన "మా తాతల సంగీతం" అంటున్నది ఆ కేటలాగ్ నుంచి వచ్చిన జ్ఞాపకం. ఆయన్ని తిట్టి లాభం లేదు, చిన్నప్పట్నుంచీ విన్నదే చెబుతున్నాడు.

మిరపకాయ్:
తిట్టను. కానీ డబ్బు లెక్క చూద్దాం. రాక్ అండ్ రోల్ రాజు ఎల్విస్ మొదటి రికార్డు, 1954, మెంఫిస్. ఆ పాట ఆర్థర్ క్రూడప్ అనే నల్ల గాయకుడు 1946లో వేసింది. ఎల్విస్ ఎక్కడికి వెళ్ళాడో అందరికీ తెలుసు. క్రూడప్ రాయల్టీల కోసం తిరిగి తిరిగి, కూలి పనులు చేసుకుంటూ, సరైన డబ్బు చేతికి రాకుండానే 1974లో పోయాడు. ఎల్విస్ ఇంకో హిట్ "హౌండ్ డాగ్" ముందు పాడింది బిగ్ మామా థార్న్‌టన్. తనకి 500 డాలర్ల చెక్కు ఒక్కటే వచ్చిందని ఆవిడే చెప్పుకుంది.

సుధ_ఆస్టిన్:
ఆ "హౌండ్ డాగ్" కథే ఇంకొంచెం విప్పితే ఎవరు ఎవరిని దోచుకున్నారో చెప్పడం కష్టమవుతుంది. పాట రాసింది లైబర్, స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా లేవు, నల్లవాళ్ళ బ్లూస్ అంటే పడిచచ్చేవాళ్ళు. 1952లో ఆ రికార్డింగ్ నడిపించింది జానీ ఓటిస్. ఆయన గ్రీకు వలస దంపతుల బిడ్డ, చిన్నప్పట్నుంచి నల్లవాళ్ళ పేటలో పెరిగి, జీవితమంతా వాళ్ళలో ఒకడిగానే బతికాడు. పాడింది అలబామా నుంచి వచ్చిన నల్ల స్త్రీ. నాలుగేళ్ళకి మిసిసిపీ తెల్ల కుర్రాడు ఎల్విస్ పాడి కోట్లు చేశాడు. ఇందులో డబ్బు అన్యాయంగా పంచారు, నిజం. పాట ఎవరిది అంటే మాత్రం ఒక్క పేరు చెప్పలేం.

డప్పుశీను:
మీరంతా పాటల దగ్గరే ఉన్నారు. నేను డ్రమ్స్ వాయిస్తాను, మా వాయిద్యం సంగతి చూడండి. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి బ్యాండులో కనిపించే డ్రమ్ కిట్ అమెరికాలో పుట్టింది, దాంట్లో డ్రమ్ములు, తాళాలు మాత్రం అమెరికాలో మొదలైనవి కాదు. పెద్ద డ్రమ్ము, స్నేర్ డ్రమ్ము యూరప్ మిలిటరీ బ్యాండ్లవి. టామ్‌టామ్‌లు చైనా నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కొన్నవి. పాత ఫోటోలు చూస్తే చెక్క డ్రమ్ముకి పందితోలు, చుట్టూ వరసగా మేకులు, తోలు మీద రంగురంగుల డ్రాగన్ బొమ్మ. శ్రుతి పెంచాలంటే తోలు వేడి చెయ్యాలి, మన డప్పు కాచినట్టే. తాళాలు టర్కీవి. జిల్జియన్ అనే ఆర్మీనియన్ కుటుంబం, 1623 నుంచి ఇస్తాంబుల్లో తాళాలు పోతపోస్తున్నామని చెప్పుకునే ఇల్లు, 1929లో మసాచుసెట్స్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఈ రోజుకీ నా కిట్ మీద తాళం వాళ్ళదే.

ఇవన్నీ ఒక్క మనిషి ముందుకి ఎందుకు చేరాయంటే, న్యూ ఆర్లీన్స్ డాన్సు హాళ్ళలో ముగ్గురు డ్రమ్మర్లకి జీతం ఇచ్చేవాడు లేడు. ఒక్కడే అన్నీ కొట్టాలి. 1909లో లడ్విగ్ అనే షికాగో డ్రమ్మరు కాలితో తొక్కే మంచి పెడల్ చేశాక పెద్ద డ్రమ్ము కాలికి పోయింది, చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతుల్లోంచే జాజ్ డ్రమ్మింగ్ వచ్చింది.

గోదారిగాలి:
డప్పుశీను అన్నా, ఇది సూపర్. న్యూ ఆర్లీన్సే ఎందుకు? అన్నీ అక్కడికే ఎందుకు వెళ్తాయి?

పాతరికార్డులు:
నది, రేవు, ఇద్దరు పాత దొరలు. ఆ ఊరు ముందు ఫ్రెంచి వాళ్ళది, తర్వాత స్పెయిన్‌ది, 1803లో అమెరికా కొనుక్కుంది. ఇంగ్లీషు వాళ్ళ కాలనీల్లో బానిసల డ్రమ్ములకి భయపడేవాళ్ళు. సౌత్ కరోలినాలో 1739 తిరుగుబాటు తర్వాత డ్రమ్ములు చట్టంతోనే నిషేధించారు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం ఆదివారాలు బానిసలు ఒకచోట చేరి వాయించుకునే అలవాటు మిగిలింది. 1817లో ఊరి పాలకులు దాన్ని కూడా ఒక్క చోటికే పరిమితం చేశారు, అదే కాంగో స్క్వేర్. హైతీ విప్లవం నుంచి పారిపోయి క్యూబాలో తలదాచుకున్న వేలమంది 1809లో అక్కడి నుంచి కూడా తరిమితే ఈ ఊరికే వచ్చారు, జనాభా దాదాపు రెట్టింపైంది. హవానాకీ ఈ రేవుకీ ఓడలు తిరుగుతూనే ఉండేవి. జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ అనేవాడు, ఆ స్పానిష్ వాసన తగలకపోతే జాజ్‌కి సరైన మసాలా పడనట్టే అని.

తమాషా ఏంటంటే, 1917లో మొట్టమొదటి జాజ్ రికార్డు వేసింది ఆ ఊరి తెల్ల బ్యాండు. దాని నాయకుడు నిక్ లారోకా సిసిలీ నుంచి వలస వచ్చిన ఇటలీ వాళ్ళ బిడ్డ. జాజ్ మేమే కనిపెట్టాం అని చివరిదాకా వాదించాడు. వినేవాళ్ళు నవ్వుకున్నారనుకోండి.

రాంబాబు_ఎల్ఏ:
ఆలస్యంగా వచ్చాను. అందరూ నలుపు తెలుపు అంటున్నారు, మెక్సికో, క్యూబా సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేనుండే వైపు కథ ఒకటి. 1950ల్లో రిచర్డ్ బెర్రీ అనే నల్ల గాయకుడు అనహైమ్‌లో ఒక లాటిన్ బ్యాండుతో పాడేవాడు. వాళ్ళు రెనె టుజే అనే క్యూబా ఆయన చా-చా-చా పాట ఒకటి వాయించేవాళ్ళు. మొదట్లో టం టం టం, టం టం, టం టం టం అని వచ్చే ముక్క బెర్రీ బుర్రకి ఎక్కేసింది. దాని మీద "లూయీ లూయీ" రాశాడు. ఒక నావికుడు బార్‌లో కూర్చుని జమైకాలో ఉన్న పిల్లని తలుచుకునే పాట, అంతే. 1957లో వచ్చింది, పెద్దగా ఆడలేదు. పెళ్ళి ఖర్చుల కోసం హక్కులు 750 డాలర్లకి అమ్మేశాడు.

1963లో పోర్ట్‌లండ్ కుర్రాళ్ళు, కింగ్స్‌మెన్, దాన్ని మళ్ళీ పాడారు. మైకు ఎక్కడో పైన వేలాడుతోందట, ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోయేసరికి అందరూ బూతులు ఊహించుకున్నారు. తల్లిదండ్రులు ఉత్తరాలు రాస్తే ఎఫ్‌బీఐ రికార్డుని రకరకాల స్పీడుల్లో తిప్పి తిప్పి విని, చివరికి ఏ స్పీడులో పెట్టినా అర్థం కావట్లేదని ఫైలు మూసింది. నేను నవ్వలేక చచ్చాను. బెర్రీకి హక్కుల్లో వాటా 1980ల్లో గానీ తిరిగి రాలేదు. గరాజ్ రాక్ అంటే తెల్ల కుర్రాళ్ళ సంగీతం అనుకుంటారు కదా, దాని జాతీయ గీతం లాంటి పాట కింద నడిచేది క్యూబా నడక.

స్వాతిముత్యం:
మరి మన దేశం వాటా ఏమీ లేదా ఇందులో? రవిశంకర్ గారు తప్ప ఇంకెవరూ లేరా? జాజ్ శాక్సఫోనిస్టు కోల్ట్రేన్ తన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడని విన్నా.

పాతరికార్డులు:
పెట్టుకున్నాడు, రవిశంకర్ గారి మీద గౌరవంతోనే. రవి కోల్ట్రేన్ ఇప్పుడు శాక్సఫోనిస్టు. కానీ నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది, ఎదురు దిక్కులో నడిచేది. గోదారిగాలి గారూ, మీ టెనెసీ పాటల్లో సాగదీసి ఏడ్చినట్టు వినిపించే గిటారు ఉంటుంది చూడండి, పెడల్ స్టీల్. దాని మూలం హవాయి. మెక్సికో పశువుల కాపరులు 1830ల్లో అక్కడికి గిటారు తీసుకెళ్ళారు. 1880ల చివర్లో జోసెఫ్ కెకుకు అనే బడి కుర్రాడు గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి తీగల మీద ఇనుప ముక్క జార్చడం మొదలెట్టాడు. 1893లో అమెరికా వ్యాపారులు హవాయి రాణిని దించేశారు, 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. ఆ తర్వాత పదిహేడేళ్ళకి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో హవాయి సంగీతం విని అమెరికా ఊగిపోయింది. రాజ్యం లాక్కున్నాక పాటల మీద ప్రేమ పుట్టుకొచ్చింది, మిరపకాయ్ గారు నోట్ చేసుకోవచ్చు. జిమ్మీ రోడ్జర్స్ రికార్డుల్లోనే హవాయి స్టీల్ గిటారిస్టు ఉన్నాడు.

ఇక మనవైపు. టౌ మో అనే హవాయి స్టీల్ గిటారు ఆయన కుటుంబంతో ప్రపంచమంతా తిరుగుతూ 1940ల్లో కలకత్తాలో కాపురం పెట్టి, అక్కడివాళ్ళకి నేర్పాడు. బెంగాలీ పాటల్లోకి, హిందీ సినిమాల్లోకి హవాయియన్ గిటారు అలా పాకింది. దాన్నే బ్రిజ్‌భూషణ్ కాబ్రా హిందుస్తానీ రాగాలకి ఎక్కించారు. తర్వాత విశ్వమోహన్ భట్ తీగలు పెంచి మోహనవీణ చేసుకుని, కాలిఫోర్నియా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కి 1994లో గ్రామీ తీసుకున్నారు. మీ ఆఫీసాయన దీనికి ఏమంటాడో అడగండి.

రాంబాబు_ఎల్ఏ:
ఇంకోటి కూడా ఉంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని హిట్ పాటలో లతా గారి పాత హిందీ పాట ముక్క అడక్కుండా వాడేశారు. సంగీతం బప్పీ లహరి. కేసు లాస్ ఏంజెలెస్ కోర్టుకి వచ్చింది, ఆయన పేరు వేసేదాకా ఆల్బమ్ అమ్మొద్దంది కోర్టు.

డప్పుశీను:
మన "గ్యాంగ్ లీడర్" బప్పీ లహరేనా? పడమటి ట్యూన్లు ఆయనా కాస్త తెచ్చుకున్నట్టు గుర్తు ;)

మిరపకాయ్:
చూశారా, కోర్టుకి వెళ్ళగలిగినవాడికే పేరు పడింది. క్రూడప్‌కి ఆ స్థోమత లేదు. నేను చెప్పేది అదొక్కటే. కలిశాయి, బాగుంది, కాదనను. కలిసినప్పుడు బిల్లు ఎవరి పేరు మీద పడిందో కూడా చెప్పండి.

సుధ_ఆస్టిన్:
అది ఒప్పుకుంటాను. ఇప్పటికీ అదే తంతు. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్ల కుర్రాడి "ఓల్డ్ టౌన్ రోడ్" కంట్రీ చార్టులోకి వస్తే, కంట్రీ లక్షణాలు సరిపోలేదని ఆ చార్టులు వేసే పత్రిక బిల్‌బోర్డ్ తీసేసింది. ఆ పాట మొత్తం చార్టులో 19 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. దాని బీట్ చేసింది నెదర్లాండ్స్ కుర్రాడు, ఆన్‌లైన్‌లో 30 డాలర్లకి అమ్మాడు. ఆ బీట్‌లో వినిపించే శబ్దం ఏంటో తెలుసా? బాంజో. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండు ట్రాక్ నుంచి తీసిన ముక్క. బాంజో ఉండి, గుర్రం ఉండి, టోపీ ఉండి కూడా కంట్రీ కాకపోతే ఇంకేం కావాలో నాకు తెలీదు.

బియాన్సే కంట్రీ పాటలో బాంజో వాయించిన రియానన్ గిడెన్స్, జో థాంప్సన్ అనే నార్త్ కరోలినా నల్ల ఫిడేలు ఆయన ఇంటికి వారం వారం వెళ్ళి నేర్చుకున్న మనిషి. ఆ తరం వాద్యగాళ్ళలో దాదాపు ఆఖరివాడు ఆయన, 2012లో పోయారు. పాతరికార్డులు గారు చెప్పిన, కేటలాగ్‌కి ఎక్కని బ్యాండ్ల సంగీతం ఇలాంటి ఇళ్ళలోనే బతికింది.

గోదారిగాలి:
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఆఫీసాయనతో వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు గానీ వినాలని మాత్రం ఉంది. వచ్చే శనివారం ఖాళీ, నాష్‌విల్ గంట దూరం. చూడదగ్గది ఏమైనా ఉందా?

సుధ_ఆస్టిన్:
నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజిక్, 2021లో తెరిచారు, బ్రాడ్‌వే మీదే, బార్ల మధ్యలో. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడి నుంచి నడిచే దూరం. రెండూ ఒకే రోజు చూడండి, ఒకదాంట్లో వదిలేసింది ఇంకోదాంట్లో దొరుకుతుంది. పార్కింగ్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, శనివారం అక్కడ నరకం.

పాతరికార్డులు:
రెండు రోజులు దొరికితే బ్రిస్టల్ కూడా వెళ్ళండి. 1927 వేసవిలో రాల్ఫ్ పీర్ వచ్చి కార్టర్ ఫ్యామిలీని, జిమ్మీ రోడ్జర్స్‌ని ఒకే వారంలో రికార్డు చేసిన ఊరు. మెయిన్ రోడ్డుకి ఒకవైపు టెనెసీ, ఇంకోవైపు వర్జీనియా. మ్యూజియం వర్జీనియా వైపు ఉంది. నాష్‌విల్ నుంచి నాలుగైదు గంటల డ్రైవు.

డప్పుశీను:
అకాంటింగ్ వాయించే వీడియో మంచిది ఎవరి దగ్గరైనా ఉంటే లింకు పెట్టండి. ఆ కుడిచెయ్యి స్లో మోషన్లో చూడాలి.